మత్తు సూది వేశాక మూడు నిమిషాలు ఆగండి

నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి క్యాజువాల్టీకి ఒక కుర్రాడు వచ్చాడు. డిగ్రీ రెండో సంవత్సరం, ఆరడుగుల పొడవు, రివటలా ఉన్నాడు. హాస్టల్ గదిలో కూర్చుని చదువుకుంటుంటే ఉన్నట్టుండి కుడివైపు ఛాతీలో పొడిచినట్టయిందట, కాసేపటికి ఆయాసం మొదలైందట. గ్యాస్ నొప్పేమో అనుకుని మాత్ర వేసుకుని పడుకున్నాడు, ఎటు తిరిగి పడుకున్నా ఊపిరి అందకపోయేసరికి రూమ్మేట్లు ఆటో ఎక్కించి తీసుకొచ్చారు. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి పిడికిలంత అయిపోయి గుండె పక్కకి ముడుచుకుపోయి ఉంది, దాని చుట్టూ అంతా నల్లటి గాలి. న్యుమోథొరాక్స్ అంటాం. పొడవుగా సన్నగా ఉండే కుర్రవాళ్లలో కొందరికి ఊపిరితిత్తి పైకొసన చిన్న చిన్న బుడగల్లాంటివి ఉంటాయి, వాటిలో ఒకటి పగిలిందంటే లోపలి గాలి బయటికొచ్చి ఊపిరితిత్తికీ ఛాతీగోడకీ మధ్య చేరుతుంది. సిగరెట్ తాగేవాళ్లకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఆ గాలిని బయటికి తీయడానికి ఛాతీలోకి పైపు వేయాలన్నారు. ఆ రాత్రి డ్యూటీ డాక్టరుగారికి కాలు నిలవని పని, బయట ఇంకో రెండు యాక్సిడెంట్ కేసులు ఎదురుచూస్తున్నాయి. నా పని ఆ అబ్బాయి కుడిచేతిని తల మీదికి ఎత్తి పట్టుకోవడం. మూడు మిల్లీలీటర్ల జైలోకెయిన్ (లిగ్నోకెయిన్ అన్నా ఇదే, వేసినచోట మాత్రమే మొద్దుబార్చే మందు) చర్మం కింద వేశారు, సిరంజి ట్రేలో పెట్టారు, అదే చేత్తో బ్లేడు తీసుకున్నారు. చర్మం కోసినంతసేపు అబ్బాయి బాగానే ఉన్నాడు. ఆ తర్వాత పక్కటెముకల మధ్యలోంచి ఫోర్సెప్స్ లోపలికి నెట్టి, ఛాతీగోడకి లోపలివైపున ఉండే పొరని చీల్చినప్పుడు వేసిన కేక మాత్రం వార్డు మొత్తానికీ వినపడింది. నా మణికట్టుని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గోళ్లు దిగాయి. అంత నొప్పిలోనూ మర్యాద తప్పకుండా ఒక్క మాట అడిగాడు, "మేడమ్, మత్తిచ్చామన్నారు కదా?"

పైపు సరిగ్గానే పడింది. పైపు రెండో కొసన ఉన్న నీళ్ల సీసాలో బుడగలు గలగలా వచ్చాయి, పది నిమిషాల్లో ఆయాసం తగ్గింది. ప్రాణం నిలబెట్టిన పనే అది, నేను కాదనను. కానీ ఆ అబ్బాయి అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే మత్తు ఇచ్చాం, నిజమే, కానీ నొప్పి ఉండేచోట ఇవ్వలేదు, ఇచ్చినచోట కూడా అది పట్టేదాకా ఆగలేదు.

ఆ తర్వాత నేను మత్తు వైద్యమే చదివాను. దాదాపు పధ్నాలుగేళ్లుగా ఇదే పని. ఈ పోస్టు ఇద్దరి కోసం రాస్తున్నాను. ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తి పంక్చర్ అయింది, పైపు వేయాలి అని విని కంగారు పడుతున్నవాళ్ల కోసం, మొదటిసారి చేతిలో లిగ్నోకెయిన్ సిరంజి పట్టుకున్న జూనియర్ల కోసం.

ముందు నొప్పి ఎక్కడ పుడుతుందో చెప్తాను, మిగతా అంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఊపిరితిత్తికి, దాన్ని అంటిపెట్టుకుని ఉండే లోపలి పొరకి మనకి తెలిసిన రకం నొప్పి తెలియదు. కానీ ఛాతీగోడ లోపలివైపున అంటుకుని ఇంకో పొర ఉంటుంది, ఈ రెండు పొరల్నీ కలిపి ప్లూరా అంటాం, అందులో బయటి పొర అది, దానికి పక్కటెముకల మధ్య నడిచే నరాలు వస్తాయి, దానంత సున్నితమైనది ఛాతీలో ఇంకొకటి లేదు. అంటే పైపు వేసేటప్పుడు దారిలో నొప్పి తెలిసేవి చర్మం, పక్కటెముక మీది పల్చటి పొర, ఈ ప్లూరా. మధ్యలో ఉన్న కొవ్వుకి, కండకి అంత బాధ ఉండదు. చర్మం కింద ఒక బుడగ లేపి వదిలేస్తే మూడింటిలో ఒకదానికే మందు చేరినట్టు. ఆ రాత్రి జరిగింది అదే.

ఇప్పుడు నేను ఎలా చేస్తానో వివరంగా చెప్తాను. పోయిన నవంబరులో వచ్చిన ఒక పెద్దాయన గురించి చెప్తే అంతా అందులోనే వస్తుంది.

ఆయన కల్లుగీసే మనిషి. యాభై దాటాయి, బరువు 52 కిలోలు, ఒళ్లంతా నరాలూ కండలే. తాటిచెట్టు మీంచి సగం ఎత్తులో జారి కింద పడ్డాడు, ఎడమవైపు మూడు పక్కటెముకలు విరిగాయి, వాటి కొస గుచ్చుకుని ఎడమ ఊపిరితిత్తి ముడుచుకుంది, కుడి ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. మేం ఉండేది చిన్న ఊరు, సర్జన్ పైపు వేస్తారు, మత్తు నేను చూసుకుంటాను. నేను వెళ్లేసరికి ఆయన ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి, "బిడ్డా, నాకు మత్తు ఇయ్యకు. మా బావకు మత్తిస్తే మళ్ల లేవలే" అన్నాడు. పక్కనున్న కొడుకు కూడా అదే భయంతో ఉన్నాడు, ఊపిరే సరిగా ఆడని మనిషికి మత్తు ఎలా ఇస్తారు మేడమ్ అని.

ఈ భయాన్ని తేలిగ్గా తీసేయకూడదు, ఎందుకంటే అందులో సగం నిజమే ఉంది. మనం మత్తు అనే ఒక్క మాటతోనే రెండు వేరువేరు పనుల్ని పిలుస్తాం. ఒకటి, మనిషిని పూర్తిగా నిద్రపుచ్చి, గొంతులో గొట్టం వేసి, మిషన్‌తో ఊపిరి ఆడించడం. ఊపిరితిత్తి ముడుచుకుని, పైపు ఇంకా వేయనివాళ్లకి ఇది నిజంగానే ప్రమాదం. మనం మామూలుగా ఊపిరి పీల్చినప్పుడు గాలి లోపలికి లాగబడుతుంది, మిషన్ అయితే గాలిని నెడుతుంది. చిల్లుపడిన ఊపిరితిత్తిలోకి గాలి నెడితే ఆ చిల్లులోంచి ఛాతీలోకి పోయి పేరుకుంటుంది, గుండెని పక్కకి నొక్కేస్తుంది, నిమిషాల్లో బీపీ పడిపోతుంది. దానికి తోడు నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు ఒకటుంది, ఆపరేషన్ థియేటర్లలో దశాబ్దాలుగా వాడుతున్నదే. అది నైట్రోజన్‌కంటే సుమారు 34 రెట్లు ఎక్కువగా రక్తంలో కరుగుతుంది, అందుకని ఒంట్లో ఎక్కడైనా మూసుకున్న గాలి సంచి ఉంటే నైట్రోజన్ బయటికి పోయేలోపే ఇది లోపలికి చేరి ఆ సంచిని ఉబ్బిస్తుంది. న్యుమోథొరాక్స్ ఉన్నప్పుడు ఆ వాయువు ఇస్తే సుమారు పది నిమిషాల్లోనే గాలి రెట్టింపు కావచ్చని 1965లో చేసిన ప్రయోగాల్లోనే చూపించారు. మత్తు వైద్యంలో చేరినవాళ్లకి మొదటి ఏడాదే నేర్పే పాఠం ఇది.

రెండోది లోకల్. మనిషి మెలకువతోనే ఉంటాడు, తన ఊపిరి తనే పీల్చుకుంటాడు, మనతో మాట్లాడుతుంటాడు, మందు వేసినచోట మాత్రమే నరాలు కబురు మోయడం మానేస్తాయి. ముడుచుకున్న ఊపిరితిత్తి ఉన్న మనిషికి ఇంతకంటే క్షేమమైన దారి లేదు. "బాపూ, నిన్ను పడుకోబెట్టను, నువ్వు నాతో మాట్లాడుతూనే ఉంటావు, ఈ పక్క రెండు వేళ్ల మందం జాగా మాత్రం మొద్దుబారుతుంది" అని ఆ జాగా తాకి చూపించాను. కాసేపు నా మొహంలోకి చూసి సరే అన్నాడు.

లెక్క ముందు వేసుకోవాలి, సూది తర్వాత. లిగ్నోకెయిన్ ఒక్కదాన్నే వాడితే కిలోకి 3 మిల్లీగ్రాములు దాటకూడదని నేను పాటించే హద్దు. కొన్ని పుస్తకాలు 4.5 దాకా ఒప్పుకుంటాయి, ఎడ్రినలిన్ కలిపితే 7 దాకా వెళ్లొచ్చంటారు, కానీ పక్కటెముకల మధ్య విషయంలో నేను కింది అంకెనే పట్టుకుంటాను. కారణం ఉంది. ఒంట్లో నరాల చుట్టూ మత్తు వేసే చోట్లన్నిటిలో పక్కటెముకల మధ్య వేసిన మందే అన్నిటికంటే తొందరగా, అన్నిటికంటే ఎక్కువగా రక్తంలో కలుస్తుంది, అక్కడ రక్తనాళాలు అంత దట్టంగా ఉంటాయి. 52 కిలోల మనిషికి 156 మిల్లీగ్రాములు, నేను 150 అనుకున్నాను. మన దగ్గర మామూలుగా దొరికేది రెండు శాతం సీసా, అంటే మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాములు. ఏడున్నర మిల్లీలీటర్లతో హద్దు అయిపోతుంది. ఆ ఏడున్నరకి అంతే సెలైన్ కలిపితే ఒక శాతం మందు 15 మిల్లీలీటర్లు చేతికొస్తుంది. మందు మోతాదు పెరగలేదు, పరచడానికి నీళ్లు పెరిగాయి. చర్మం నుంచి ప్లూరా దాకా మూడు పొరలకీ సరిపడా ఇప్పుడుంది. జూనియర్లు ఈ ఒక్క పని గుర్తుపెట్టుకుంటే చాలనుకుంటాను, చాలాసార్లు మందు చాలకపోవడానికి కారణం మనసులేక కాదు, రెండు శాతం మందుతో హద్దు తొందరగా వచ్చేస్తుందని భయపడి చేయి వెనక్కి తీయడమే.

పెద్దాయన్ని కొంచెం లేపి కూర్చోబెట్టి ఎడమచేయి తల వెనక్కి పెట్టించాం. చంక కింద, రొమ్ము కండకీ వీపు కండకీ మధ్య, చనుమొన ఎత్తుకి పైన ఒక త్రికోణం ఉంటుంది, సేఫ్ ట్రయాంగిల్ అంటాం, అక్కడ కండ పల్చగా ఉంటుంది, పెద్ద రక్తనాళాలు అడ్డురావు. సన్నటి సూదితో చర్మం కింద నెమ్మదిగా ఒక బుడగ లేపాను. నెమ్మదిగా అని ఎందుకంటున్నానంటే సీసాలో వచ్చే లిగ్నోకెయిన్ ద్రావణానికి ఆమ్లగుణం ఉంటుంది, వేగంగా తోస్తే మంట పుడుతుంది. "చీమ కుట్టినట్టుంది" అన్నాడు. ఆ తర్వాత పొడవు సూది. పక్కటెముక కింది అంచున నరమూ రక్తనాళాలూ నడుస్తాయి కాబట్టి సూది ఎప్పుడూ కింద ఉన్న ఎముక పై అంచు మీదుగా పోవాలి. ఎముక తగిలింది, దాని పొర మీద కొంచెం మందు వేశాను, పై అంచు దాటించి మిల్లీమీటరు మిల్లీమీటరు లోపలికి పోతూ, ప్రతిసారీ సిరంజి వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసుకుంటూ.

ఒకచోట సిరంజిలోని మందులోకి టపటపా గాలిబుడగలు వచ్చాయి. ఆ బుడగలు రెండు సంగతులు చెప్తాయి. ఒకటి, సూది మొన ప్లూరా దాటి గాలి ఉన్న చోటికి చేరింది, అంటే పైపు వేయాల్సిన చోటు ఇదే. ఈ మత్తు సూదితో గాలిగానీ నీరుగానీ రాకపోతే అక్కడ పైపు వేయకూడదు, ఆగి మళ్లీ స్కానింగ్ చూసుకోవాలి. రెండోది నా పనికి ముఖ్యం. బుడగలు ఆగిపోయేదాకా సూదిని వెంట్రుకవాసి వెనక్కి తీస్తే మొన సరిగ్గా ఆ సున్నితమైన పొర దగ్గర ఉంటుంది. మిగిలిన మందులో ఎక్కువ భాగం అక్కడే. నాలుగైదు మిల్లీలీటర్లు.

తర్వాత సూది తీసేసి, గోడ గడియారం చూశాను. లిగ్నోకెయిన్ పట్టడానికి రెండు నుంచి ఐదు నిమిషాలు కావాలి. కనీసం మూడు నిమిషాలు ఎవరూ బ్లేడు ముట్టుకోకూడదని మా దగ్గర మాట. ఈ మూడు నిమిషాలు వృథా కావు, డ్రేప్ గుడ్డ పరవొచ్చు, సీసాలో నీళ్లు పోసి సిద్ధం చేయొచ్చు, కుట్టు దారం తీసి పెట్టుకోవచ్చు. నేను మాత్రం పెద్దాయనతో మాట్లాడుతూ ఉన్నాను. మాట్లాడించడం మంచితనం కోసమే కాదు, మందు ఎక్కువై రక్తంలో కలిస్తే మొదట తెలిసేది మాటల్లోనే. నాలుక, పెదాలు తిమ్మిరెక్కుతాయి, నోట్లో లోహం రుచి వస్తుంది, చెవుల్లో గుయ్యిమంటుంది, మాట తడబడుతుంది, ఇంకా ముదిరితే ఫిట్స్, ఆ తర్వాత గుండె. అందుకే నోరు ఎలా ఉంది బాపూ, నాలుక మొద్దుబారినట్టుందా అని అడుగుతూనే ఉండాలి. (ఒక చిన్న సంగతి. ఈ మందు పుట్టుకకి కూడా తిమ్మిరెక్కిన నాలుకే కారణం. 1930లలో స్వీడన్‌లో ఒక రసాయన శాస్త్రవేత్త తను తయారుచేసిన పదార్థాన్ని రుచి చూస్తే నాలుక మొద్దుబారింది, ఆ దారి పట్టుకుని వెళ్లి 1943లో నిల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ లిగ్నోకెయిన్ తయారుచేశారు, 1948లో జైలోకెయిన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది.) లోకల్ వాడే ప్రతిచోటా 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అందుబాటులో ఉండాలి, పాలలా తెల్లగా ఉంటుంది, తిండి తినలేనివాళ్లకి రక్తనాళంలోంచి కొవ్వు ఎక్కించడానికి వాడేదే, మందు విషమించినప్పుడు కిలోకి 1.5 మిల్లీలీటర్ల చొప్పున వెంటనే ఇస్తే మనిషిని వెనక్కి తెచ్చుకోవచ్చు. మా థియేటర్లో అది ఎక్కడుందో ఆయాకి కూడా తెలుసు.

బ్లేడు పెట్టేముందు ఇంకొక మాట చెప్పాలి, చాలామంది దీన్ని మర్చిపోతారు. మందు బాగా పట్టినా తోసినట్టు, నొక్కినట్టు మాత్రం తెలుస్తుంది. అది ముందు చెప్పకపోతే ఆ ఒత్తిడినే నొప్పి అనుకుని పేషెంట్ బెదిరిపోతాడు, ఒళ్లు బిగపడతాడు. "ఇప్పుడు గట్టిగా తోస్తారు, బరువు పెట్టినట్టుంటుంది. పోటు వస్తే మాత్రం చెయ్యెత్తు, వెంటనే ఆపుతాం" అన్నాను. పైపు వెళ్తున్నప్పుడు ఒకసారి మొహం చిట్లించాడు, చెయ్యి మాత్రం ఎత్తలేదు. సీసాలో బుడగలు వచ్చాయి. అయిపోయిందా అని అడగలేదు, దగ్గొస్తోంది నీళ్లివ్వమన్నాడు.

ఇక చేయి సంగతి. ఆర్థోపెడిక్ డాక్టరుగారు ప్లేట్లు వేయాలన్నారు. పైపు పడింది కాబట్టి పూర్తి మత్తు ఇవ్వొచ్చు, దారి లేకపోతే ఇచ్చేవాళ్లమే, కానీ విరిగిన పక్కటెముకలతో, అప్పుడే విచ్చుకుంటున్న ఊపిరితిత్తితో మిషన్ మీద పెట్టాలని నాకు లేదు. చేతికి మాత్రమే మత్తిచ్చే బ్లాకులు ఉన్నాయి. ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. చేతి నరాలన్నీ మెడ దగ్గర మొదలై, కాలర్ ఎముక వెనకగా దిగి, చంకలోంచి చేతికి వస్తాయి, దారిలో ఎక్కడైనా మందు వేయొచ్చు. కాలర్ ఎముక పైన వేసే బ్లాకు చాలా చక్కగా పనిచేస్తుంది, 1911లో కులెన్‌కాంఫ్ అనే జర్మన్ సర్జన్ చూపించినప్పటి నుంచీ ఉన్నదే. దాని చిక్కల్లా కిందే ఊపిరితిత్తి కొస ఉండటం. సూది కొంచెం జారితే న్యుమోథొరాక్స్ మనమే తెచ్చిపెట్టినవాళ్లమవుతాం. అల్ట్రాసౌండ్ వచ్చాక ఆ ప్రమాదం బాగా తగ్గింది, సున్నా మాత్రం కాలేదు. మెడ దగ్గర వేసే బ్లాకుతో ఇంకో సమస్య, ఛాతీ కింద ఉండి ఊపిరి ఆడించే కండ డయాఫ్రం, దాన్ని కదిలించే ఫ్రెనిక్ నరం పక్కనే ఉంటుంది, అది కూడా మొద్దుబారుతుంది. మామూలు మోతాదులో వేస్తే ఆ వైపు డయాఫ్రం ప్రతి ఒక్కరిలోనూ పనిచేయడం మానేసిందని 1991లో అల్ట్రాసౌండ్‌తో చూసి రాశారు. కాలర్ ఎముక పైన వేసినా కొంతమందికి అలా అవుతుంది.

పెద్దాయనకి విరిగింది కుడిచేయి. ఆయన బతుకుతున్నది కుడి ఊపిరితిత్తి మీద. ఆ వైపు సూది జారినా, ఆ వైపు డయాఫ్రం మొద్దుబారినా మిగిలేది ఏమీ లేదు. కాబట్టి నరాలు ఛాతీని పూర్తిగా దాటి వచ్చాక, చంకలో వేశాను, ఏగ్జిలరీ బ్లాక్. అల్ట్రాసౌండ్‌లో ఒక్కొక్క నరం చుట్టూ మందు నల్లటి వలయంలా చేరడం చూస్తూ నాలుగు చోట్ల. కొంచెం ఎక్కువ టైం పడుతుంది, సర్జన్లు గడియారం చూస్తారు, చూడనీ. పొద్దున పైపుకి వాడిన 150 మిల్లీగ్రాములు కూడా రోజు లెక్కలోకి వస్తాయి కాబట్టి ఆపరేషన్ సాయంత్రానికి పెట్టించాను, అప్పుడు కూడా మోతాదు తగ్గించే వేశాను. ఇద్దరు డాక్టర్లు వేరువేరు చోట్ల ఎవరికి వాళ్లు హద్దులోనే వేశామనుకుంటారు, ఒళ్లు మాత్రం ఒకటే కదా. కేస్‌షీట్‌లో ఎంత వేశాం, ఎన్ని గంటలకి వేశాం అని రాయడం అందుకే. ఆపరేషన్ జరిగినంతసేపూ పెద్దాయన ఫ్యాను వైపు చూస్తూ పడుకున్నాడు, ఆక్సిజన్ 96 కిందికి రాలేదు.

అసలు కష్టం మర్నాడు వచ్చింది. పక్కటెముకలు విరిగి, పక్కన పైపు ఉన్న మనిషి గట్టిగా ఊపిరి పీల్చడు, దగ్గడు, నొప్పి. పీల్చకపోతే ఊపిరితిత్తి విచ్చుకోదు, దగ్గకపోతే కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. ఫిజియోథెరపీ కుర్రాడు మూడు బంతులున్న ఊపిరి ఆట వస్తువు ఇచ్చాడు, ఒక్క బంతి కూడా లేవలేదు. నొప్పికి ఇంజెక్షన్లు ఎక్కువిస్తే మగతగా పడి ఉంటాడు, ఊపిరి ఇంకా తగ్గుతుంది. ఇలాంటివాళ్లకి సెరేటస్ బ్లాక్ మంచి సాయం. చంక కింద ఛాతీ పక్క కండల పొరల మధ్య మందు పరిస్తే అక్కడి నుంచి వెళ్లే పక్కటెముకల నరాలన్నీ ఒకేసారి శాంతిస్తాయి, 2013లో రాఫా బ్లాంకో అనే మత్తు డాక్టరు దీని గురించి రాశాక ప్రపంచమంతా పాకింది. 2016లో వచ్చిన ఎరెక్టర్ స్పైనే బ్లాక్ కూడా ఉంది, కానీ దానికి వెన్ను పక్కన వేయాలి, ఆయన్ని పక్కకి తిప్పాలంటే విరిగిన చోట్లు కదులుతాయి, సెరేటస్ అయితే పడుకున్నవాడిని కదపకుండా వేయొచ్చు. వేసిన అరగంటకి పెద్దాయన రెండు బంతులు లేపాడు, మూడోది కూడా సగం దాకా లేచింది. కొడుకు ఫోన్‌లో వీడియో తీసి ఇంటికి పంపించాడు.

ఇక్కడ రెండు మూడు విషయాలు చెప్పకపోతే తప్పు అర్థం వస్తుంది. గాలి ఒత్తిడి పెరిగిపోయి, మెడ నరాలు ఉబ్బి, బీపీ పడిపోయి మనిషి చేజారిపోతున్నప్పుడు లోకల్ కోసం, మూడు నిమిషాల కోసం ఎవరూ ఆగకూడదు, ముందు సూదో వేలో పెట్టి ఆ గాలి వదిలించాలి, నొప్పి సంగతి ఆ తర్వాత. టీబీ వచ్చినవాళ్లలో, మనదేశంలో వీళ్లు తక్కువేం కాదు, గాలితోపాటు చీము కూడా చేరి ఉండొచ్చు, వాచి ఎర్రబడిన చోట లిగ్నోకెయిన్ సరిగా పట్టదు, వాళ్లకి లోకల్‌తోపాటు రక్తనాళంలోకి చాలా కొద్దిగా ఫెంటానిల్ లాంటి నొప్పి మందు కలపాల్సి వస్తుంది, పక్కనే ఆక్సిజన్ చూస్తూ. ఇంకొకటి, మొదట చెప్పిన కుర్రాడిలాంటివాళ్లందరికీ పైపు తప్పనిసరి కూడా కాదని ఇప్పుడు తెలుసు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో 316 మంది మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది, పెద్ద జబ్బేమీ లేకుండా మొదటిసారి ఊపిరితిత్తి ముడుచుకున్న కుర్రవాళ్లలో, మనిషి నిలకడగా ఉంటే, ఏ సూదీ వేయకుండా కనిపెట్టుకుని ఉన్నా ఎక్కువమందికి దానంతటదే విచ్చుకుంది. ఆ రాత్రి కుర్రాడికి బాగా ఆయాసం ఉంది కాబట్టి ఏదో ఒకటి చేయాల్సిందే, అయినా ఇలాంటి కేసు చూసినప్పుడల్లా ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి, పైపు కావాలా అని.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. పైపు వేస్తామన్నప్పుడు మత్తు సూది ఎంత లోపలిదాకా వేస్తారు, పట్టేదాకా ఆగుతారా అని అడగండి. మర్యాదగా అడిగితే ఏ డాక్టరూ తప్పుగా అనుకోరు. లోకల్ పడదని ఎప్పుడైనా ఎవరైనా చెప్పి ఉంటే, పళ్ల డాక్టరు దగ్గర కళ్లు తిరిగి ఉంటే, గుండెకి, ఫిట్స్‌కి మందులు వాడుతుంటే, లివర్ జబ్బు ఉంటే అవి ముందే చెప్పండి. నిజమైన ఎలర్జీ చాలా అరుదు, చాలాసార్లు అది భయంతో బీపీ పడిపోవడమో, మందులోని ఎడ్రినలిన్‌కి గుండె దడదడలాడటమో అయి ఉంటుంది, కానీ ఏదని తేల్చాల్సింది మేం.

పెద్దాయన పైపు ఆరో రోజు తీశాం. సీసాలో బుడగలు ఆగి ఒక రోజు గడిచింది, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి గోడ దాకా విచ్చుకుని ఉంది. తీసేది ఒక్క క్షణం పనే, చాలామంది దీనికి మత్తు వేయరు. ఆయన కుట్టు వైపు చూస్తూ, "దీనికీ ఆ చీమ సూది వేస్తవా బిడ్డా?" అని అడిగాడు. వేశాను. రెండు మిల్లీలీటర్లు, కుట్టు చుట్టూ. మళ్లీ గడియారం చూసుకుంటూ నిలబడ్డాం, ఈసారి కబుర్లు ఆయనే చెప్పాడు, తాటికల్లు దిగే కాలానికి చేయి కూడుకుంటుందా, మోకు పట్టుకోవచ్చా అని.

ఎముకల డాక్టరుగారిని అడుగుదాం బాపూ అన్నాను.

"అడుగు" అన్నాడు, పైపు బయటికొచ్చాక.